సంఘంలో అడిగే ప్రశ్నలే సెల్‌ఫోన్‌నూ అడుగుదాం

(తలుపుల మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ పొద్దు నన్ను క్రిప్టో కరెన్సీ పేరుతో జరిగే మోసాల గురించి మాట్లాడమన్నారు. పొదుపు, అప్పు, పాడి, జీవాల గురించి అంటే మనకు రోజూ ఉండేదే. ఈ క్రిప్టో మనకెందుకమ్మా అని కొందరికి అనిపించవచ్చు. నేను చదివింది పదో తరగతి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకూ అట్లనే అనిపించింది. కానీ ఇప్పుడు మన సంఘాల మీటింగుల్లోనే ఆ మాట వినబడుతోంది. "ఫోన్లో డబ్బులు పెడితే రోజూ లాభం వస్తాదంట అక్కా, నిజమేనా?" అని అడుగుతున్నారు. అట్ల అడిగినవాళ్లు మంచి పని చేశారు. అడగడానికి మొహమాటపడి ఊరికే ఉన్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు చెప్తాను.

ముందుగా ఒక సంగతి. ఆశపడటం తప్పని చెప్పడానికి నేను రాలేదు. మన సేద్యం ఎట్లుంటుందో మీకు నేను చెప్పేదేముంది? శెనక్కాయ వేస్తే వాన రావాలి. వాన వస్తే పురుగు రాకూడదు. పంట చేతికొచ్చినాక ధర ఉండాలి. ఇవన్నీ కుదిరే సంవత్సరాలు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఇంటికొకరు బెంగళూరులో కూలికో, కువైట్‌లో ఇంటిపనికో పోతున్నారు. పిల్లల ఫీజులు, ఆడబిడ్డ పెండ్లి, ఆస్పత్రి ఖర్చు ఏదీ ఆగదు. ఇట్లాంటప్పుడు "పదివేలు పెడితే నెలకు ఇరవై వేలు" అని ఎవరైనా చెప్తే మనసు ఒక్కసారి అటు పోతుంది. మోసం చేసేవాళ్లకు మన ఈ ఇబ్బంది బాగా తెలుసు. దాన్నే పట్టుకుంటారు.

వాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. మన సంఘంలో పదిమంది ఉంటారు. ఏళ్ల తరబడి ఒకరినొకరు నమ్మి డబ్బు ఇచ్చిపుచ్చుకున్నవాళ్లం. ఒక్కరిని పట్టుకుంటే మిగతా తొమ్మిది మంది వాళ్లకు సులభంగా దొరుకుతారు. ఆ ఒక్కరికి మొదట్లో కొంచెం డబ్బు నిజంగానే ఇస్తారు. ఆమె సంతోషంగా వచ్చి "నాకు వచ్చింది, మీరూ పెట్టండి" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె నోటితో వాళ్లు అబద్ధం చెప్పిస్తారు. మనం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నమ్మకాన్ని ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వాళ్లు వాడుకుంటారు.

మరి దీనికి మందు ఏమిటి? కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. మన దగ్గరే ఉంది.

మన సంఘంలో ఒక సభ్యురాలు పదివేలు అప్పు అడిగిందనుకోండి. ఆమె మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషే. అయినా ఏం చేస్తాం? అందరూ కూర్చుని అడుగుతాం. ఒకటి, ఈ డబ్బుతో ఏం చేస్తావు, ఆదాయం ఎట్ల వస్తుంది? రెండు, అప్పు నీకేనా, నీ పేరు చెప్పి ఇంకెవరికైనా ఇస్తావా? మూడు, ఎన్ని కంతుల్లో కడతావు? నాలుగు, నువ్వు కట్టలేకపోతే ఎవరు బాధ్యత? ఇవన్నీ అయినాక పుస్తకంలో రాసి, తీర్మానం చేసి, సంతకాలు పెట్టి డబ్బు ఇస్తాం.

తెలిసిన మనిషికి పదివేలు ఇవ్వడానికి నాలుగు ప్రశ్నలు వేసే మనం, ముఖం కూడా చూడని మనిషికి ఫోన్లో యాభై వేలు పంపేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా వేయకపోతే ఎట్ల? ఈ పొద్దు నేను చెప్పేది ఇంతే. ఆ నాలుగు ప్రశ్నలే అక్కడా అడుగుదాం.

మొదటి ప్రశ్న: ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

క్రిప్టో కరెన్సీ అంటే ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మన సంఘానికి లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. ఆ పుస్తకం నకలు ప్రతి సభ్యురాలి దగ్గరా ఉండి, ఒక పద్దు రాస్తే అందరి పుస్తకాల్లోనూ అదే పద్దు పడిందనుకోండి. అప్పుడు ఒకరు పాత లెక్క మార్చాలన్నా కుదరదు. ఇట్లాంటి పుస్తకాన్ని ప్రపంచమంతా ఉన్న కంప్యూటర్లలో పెట్టారు. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. 2009లో మొదలైన బిట్‌కాయిన్ ఇట్లాంటి పుస్తకంలో రాసుకునే నాణెం. చేత్తో పట్టుకునే నాణెం కాదు, లెక్క మాత్రమే.

దాని ధర కొనేవాళ్లు ఎక్కువైతే పెరుగుతుంది, అమ్మేవాళ్లు ఎక్కువైతే పడుతుంది. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర 68 వేల డాలర్లు దాటింది. సరిగ్గా ఏడాదికి 16 వేల డాలర్ల కిందికి పడింది. అంటే నాలుగు రూపాయలు పెట్టినవాళ్ల చేతిలో ఒక్క రూపాయి కూడా మిగలలేదు. తర్వాత మళ్లీ పెరిగింది. నిజమైన క్రిప్టోలోనే ఇంత ఎగుడుదిగుడు ఉంటే, "రోజూ ఇంత ఖాయం" అని ఎవరైనా ఎట్ల చెప్పగలరు? ఖాయం అన్నారంటే అక్కడే అనుమానించాలి.

మన దేశంలో ఇది చెల్లుబాటయ్యే డబ్బు కాదు. అంగడికి పోయి ఇస్తే తీసుకోవాలనే చట్టం లేదు. 2013 డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు దీని గురించి జనాన్ని హెచ్చరించింది. 2022 ఏప్రిల్ నుంచి దీని మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను ఉంది. ఒక దానిలో నష్టం వచ్చిందని ఇంకో దాని లాభంలో తగ్గించుకోవడానికి కూడా లేదు. "ప్రభుత్వం పన్ను వేసింది కాబట్టి ప్రభుత్వమే గ్యారంటీ" అని ఏజెంట్లు చెప్తారు. అది తప్పు. పన్ను వేయడం వేరు, మన డబ్బుకు పూచీ పడటం వేరు.

ఇది నిజమైన క్రిప్టో సంగతి. మన దగ్గరకు వచ్చేది చాలాసార్లు అది కూడా కాదు. పేరు మాత్రమే క్రిప్టో. మనం పంపిన డబ్బుతో ఎవరూ ఏ నాణెమూ కొనరు. ఫోన్లో కనబడే అంకెలు వాళ్లు కూర్చుని రాసినవి. విదేశాల్లో 2014లో వన్‌కాయిన్ అని ఒకటి మొదలుపెట్టారు. పెద్ద పెద్ద సభలు పెట్టి, పాఠాల పుస్తకాలు అమ్మి, లక్షల మందిని చేర్పించారు. తీరా చూస్తే దానికి బ్లాక్‌చెయినే లేదు. దాన్ని నడిపిన రుజా ఇగ్నటోవా అనే ఆమె 2017 అక్టోబరులో కనబడకుండా పోయింది, ఇప్పటికీ వెతుకుతున్నారు. జనం పోగొట్టుకున్నది 400 కోట్ల డాలర్లని అమెరికా అధికారుల లెక్క. మన దేశంలో కూడా నవీ ముంబైలో దాని ప్రచార సభ జరుగుతుండగా 2017 ఏప్రిల్‌లో పోలీసులు పోయి పట్టుకున్నారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లెక్క మనకు బాగా వచ్చు. "రోజుకు నూటికి ఒక్క రూపాయే" అంటారు. వినడానికి చిన్నదే. పదివేలు పెట్టి, వచ్చిన రూపాయిని కూడా అందులోనే ఉంచుతూ పోతే ఏడాదికి ఎంత కావాలో తెలుసా? 3 లక్షల 77 వేలు. రెండో ఏడాదికి కోటీ 42 లక్షలు. పదివేలు రెండేళ్లలో కోటిన్నర దగ్గరికి పోయే వ్యాపారం ఈ భూమ్మీద ఏదన్నా ఉందా? మన సంఘాలకు బ్యాంకు మూడు లక్షల వరకు ఏడాదికి 7 శాతం వడ్డీకి అప్పు ఇస్తుంది. అంటే నూటికి నెలకు 60 పైసలు కూడా పడదు. రోజుకు రూపాయి సంపాదించే తెలివి నిజంగా ఉన్నోడు బ్యాంకులో అప్పు తెచ్చుకుని తానే సంపాదించుకుంటాడు కదా? తలుపుల మండలంలో మన పదివేల కోసం ఎందుకు వెతుక్కుంటూ వస్తాడు?

మరి మొదట్లో కొందరికి డబ్బు ఎట్ల వస్తుంది? వెనక చేరినవాళ్ల డబ్బు తీసి ముందు చేరినవాళ్లకు ఇస్తారు. అంతే. ఒక్కొక్కరు అయిదుగురిని చేర్పించాలంటారు. లెక్కపెట్టండి. ఒకరి కింద 5 మంది, వాళ్ల కింద 25, తర్వాత 125, 625, 3,125, 15,625. ఏడో మెట్టుకు 78,125 మంది కావాలి. మన మండలంలో పసిపిల్లలతో సహా లెక్కేసినా అంతమంది లేరు. అందుకే ఇది ఎప్పుడో ఒకనాడు ఆగిపోవాల్సిందే. ఆగిన రోజు చివరి మెట్టు మీద ఉన్నవాళ్లే అందరికన్నా ఎక్కువమంది. వాళ్లకు అసలు కూడా రాదు.

రెండో ప్రశ్న: డబ్బు ఎవరి చేతికి పోతోంది?

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. మొదట టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. ఇంట్లో కూర్చుని పని, ఫలానా వాటికి అయిదు నక్షత్రాల రేటింగ్ ఇస్తే డబ్బులు అంటారు. తర్వాత కొంచెం డబ్బు పెట్టమంటారు. కేసు పెట్టిన మనిషికి మొదట వెయ్యి పెడితే ఎనిమిది వందల పైచిలుకు లాభం నిజంగానే ఇచ్చారు. ఆ నమ్మకంతో ఆయన పెడుతూ పోయాడు. చివరికి 28 లక్షలు పోయాయి. పోలీసులు లాగితే ఒక్క ఏడాది లోపలే దేశమంతటా 15 వేల మంది దగ్గర 712 కోట్లు కొట్టేశారని తేలింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాల్లోకి వచ్చి, అక్కడి నుంచి క్రిప్టోగా మారి, దుబాయ్ మీదుగా చైనాలో ఉన్నవాళ్లకు చేరింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. క్రిప్టోను వాళ్లు వాడుకుంది జనానికి లాభం ఇవ్వడానికి కాదు, కాజేసిన డబ్బు దేశం దాటించడానికి. బ్యాంకులో డబ్బు ఉన్నంతసేపు పోలీసులు ఆపగలరు. క్రిప్టోగా మారి బయటికి పోయినాక తిరిగి తేవడం చాలా కష్టం.

ఇంకోటి. అంత డబ్బు తిప్పడానికి వాళ్లకు పదుల సంఖ్యలో బ్యాంకు ఖాతాలు కావాల్సి వచ్చాయి. ఆ ఖాతాలు ఇక్కడి మనుషుల పేర్లతో తెరిచినవే. "నీ పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాం" అని అడుగుతారు. పొరపాటున కూడా ఇవ్వొద్దు. ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. ముఖ్యంగా కదిరిలో, అనంతపురంలో, బెంగళూరులో చదువుకునే పిల్లలకు. దొంగసొమ్ము మన ఖాతాలోకి వచ్చిపోతే మొదట పోలీసులు వచ్చేది మన ఇంటికే.

అనుమతి సంగతి కూడా అడగాలి. జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. అనుమతి లేని డిపాజిట్ స్కీములను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. వసూలు చేసినవాడికే కాదు, అందులో చేరమని మోసపు మాటలతో ప్రచారం చేసినవాడికీ శిక్ష ఉంది. గొలుసుకట్టు స్కీముల మీద 1978 నుంచే నిషేధం ఉంది. అదే 2019 చట్టంలో మన స్వయం సహాయక సంఘాల సభ్యులు కట్టుకునే పొదుపును రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపల మినహాయించారు. అంటే మనం నెలనెలా కట్టేది వేరు, ఈ యాప్‌లు అడిగేది వేరు అని చట్టమే చెప్పింది. ఏదైనా సంస్థ మీద అనుమానం ఉంటే రిజర్వు బ్యాంకు వాళ్ల "సచేత్" వెబ్‌సైటులో చూడొచ్చు, అక్కడే ఫిర్యాదు కూడా చేయొచ్చు. చూడటం రాకపోతే వీఓఏను అడగండి.

"మంత్రి గారే చెప్పారు, వీడియో ఉంది" అని చూపిస్తారు. కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు ఫలానా దానిలో డబ్బు పెట్టమన్నట్టు వీడియోలు తిరిగాయి. అవి నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ చెప్పింది. ఇప్పుడు కంప్యూటర్లో ముఖాన్ని, గొంతును కూడా తయారు చేస్తున్నారు. కాబట్టి వీడియో చూసి నమ్మొద్దు.

మూడో ప్రశ్న: తిరిగి ఎప్పుడు, ఎట్ల ఇస్తారు?

మన సంఘంలో అప్పు తీసుకున్నామె కంతు కట్టిందా లేదా అనేది పుస్తకంలో కనబడుతుంది. ఫోన్లో "మీ లాభం 2 లక్షల 40 వేలు" అని కనబడితే అది కంతు కట్టినట్టు కాదు. మన బ్యాంకు ఖాతాలోకి వచ్చిందే మన డబ్బు. మిగతాది గోడ మీద రాసుకున్న అంకె.

తీసుకుందామని అడిగినప్పుడే వాళ్ల అసలు రంగు బయటపడుతుంది. "ముందు పన్ను కట్టాలి" అంటారు. అది కడితే "ఖాతా లాక్ అయింది, తెరవడానికి ఇంత" అంటారు. అదీ కడితే "ఇంకో ఇద్దరిని చేర్పిస్తే వస్తుంది" అంటారు. మన డబ్బు మనకు ఇవ్వడానికి మళ్లీ డబ్బు అడిగారంటే అది మోసమని రాసిపెట్టుకోండి. అక్కడ ఆగిపోవాలి. పోయినదాని కోసం ఇంకా పెడితే అదీ పోతుంది.

మొదట వెయ్యికి లాభం వచ్చిందంటే అది మనకు ఇచ్చిన లాభం కాదని గుర్తు పెట్టుకోండి. గాలానికి కట్టిన ఎర అది.

నాలుగో ప్రశ్న: పోతే ఎవరు బాధ్యత?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. సెల్‌ఫోన్‌లు రాకముందు కూడా ఇట్లాంటివి జరిగాయి. అగ్రిగోల్డ్ మీకు గుర్తుండే ఉంటుంది. విజయవాడలో 1995లో మొదలైంది. స్థలం ఇస్తాం, లేదా ఎక్కువ డబ్బు ఇస్తాం అని పల్లెపల్లెలో వసూలు చేశారు. దాదాపు 32 లక్షల మంది 6 వేల కోట్లకు పైగా కట్టారు. 2014 వచ్చేసరికి డబ్బు తిరిగివ్వడం ఆగిపోయింది. తర్వాత సీఐడీ కేసులు, కోర్టులు, ఆస్తుల జప్తు. రాష్ట్ర ప్రభుత్వం 2019లోనూ 2021లోనూ, 20 వేల లోపు కట్టినవాళ్లకు, పది లక్షల మందికి పైగా, తొమ్మిది వందల కోట్లకు పైగా ఇచ్చింది. ఎక్కువ కట్టినవాళ్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నారు.

అక్కడ డబ్బు వసూలు చేసింది ఎవరు? ఊర్లోనే ఉండే ఏజెంట్లు. మన అన్నలు, మన బావలు, పక్కింటి అక్కలు. చాలామంది వాళ్లు కూడా నమ్మి, సొంత డబ్బు కూడా కట్టి, కమీషన్ కోసం అందరినీ చేర్పించారు. కంపెనీ మూతపడినాక జనం పోయి నిలబడింది విజయవాడలో కాదు, ఆ ఏజెంటు ఇంటి ముందే. ఊర్లో తలెత్తుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒక మాట ఖచ్చితంగా చెప్తున్నా. "నలుగురిని చేర్పిస్తే నీకు కమీషన్" అని ఎవరన్నా అంటే, ఆ కమీషన్ మన ఊర్లో మన పరువుకు కట్టిన ధర. పైన ఉన్నోడు పారిపోతాడు. మనం ఎక్కడికి పోతాం?

ఇక సంఘం అప్పు సంగతి. మన మండలంలోనే ఒక సభ్యురాలు పాడి ఆవు కోసమని బ్యాంకు లింకేజి అప్పులో తన వాటా అరవై వేలు తీసుకుంది. పేరు, ఊరు చెప్పను. బంధువు ఒకరు చూపించిన యాప్‌లో ఆ డబ్బు పెట్టింది. రెండు వారాలు లాభం కనబడింది. మూడో వారం యాప్ తెరుచుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయనకు చెప్పలేదు, సంఘంలో చెప్పలేదు. రెండు కంతులు చెవికమ్మలు కుదువ పెట్టి కట్టింది. మూడో కంతుకు కట్టలేక మీటింగుకు రావడం మానేసింది. లీడరు ఇంటికి పోయి కూర్చుంటే అప్పుడు ఏడుస్తూ చెప్పింది.

ఆ సంఘం ఏం చేసింది? ముందు కొందరు కోప్పడ్డారు. అది సహజం. అప్పు ఆమె ఒక్కదాని పేరు మీద లేదు, పదిమంది సంతకాలు ఉన్నాయి. ఆమె కట్టకపోతే సంఘం గ్రేడు పడిపోతుంది. తర్వాత వచ్చే అప్పు అందరికీ ఆగిపోతుంది. మిగతా వాళ్ల ఇళ్లల్లో ఆ అప్పు మీద ఆశ పెట్టుకున్న పిల్లల ఫీజు ఉంది, బోరు మోటారు ఉంది. చివరికి తీర్మానం చేసుకుని, కొన్ని నెలలు ఆమె కంతును సంఘం పొదుపులోంచి సర్దారు. ఆమె కూలికి పోయి నెలనెలా ఆ బాకీ తీరుస్తోంది. ఇంకా తీరలేదు.

ఆమె పోగొట్టుకున్నదాని గురించి మాత్రమే నేను ఇది చెప్పడం లేదు. యాప్ తెరుచుకోని రోజే ఆమె నోరు తెరిచి ఉంటే, కొంతైనా ఆపే అవకాశం ఉండేది. భయం, సిగ్గు ఆమె నోరు కట్టేశాయి. అందుకే ఇట్లాంటిది జరిగితే ఏం చేయాలో అందరూ గుర్తు పెట్టుకోవాలి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు. డబ్బు ఎప్పుడు, ఎంత, ఏ ఖాతాకు పంపారో, ఆ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. వాళ్లు బ్యాంకులకు చెప్పి, డబ్బు ఇంకా చేతులు మారకపోతే ఆ ఖాతాలో ఆపిస్తారు. మొదటి గంట, రెండు గంటలు చాలా ముఖ్యం. తెల్లారినాక చూద్దాం అనుకోవద్దు.

మీ బ్యాంకుకు కూడా చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టించండి. పోలీసు స్టేషన్‌కు పోయి చెప్పండి. మెసేజ్‌లు, ఫోటోలు, నంబర్లు ఏవీ చెరిపేయొద్దు. కోపంలో ఫోన్లో ఉన్నదంతా తీసేస్తే సాక్ష్యం పోతుంది.

తర్వాత ఇంకొకడు ఫోన్ చేస్తాడు. "మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అంటాడు. పోలీసుల పేరు, కోర్టు పేరు కూడా చెప్తాడు. అది రెండో మోసం. డబ్బు తెప్పించడానికి ఏ పోలీసూ ఫోన్లో ఫీజు అడగడు.

లీడర్లకు ఒక మనవి. డబ్బు పోగొట్టుకున్నామె మీ ముందుకు వస్తే మొదట తిట్టొద్దు. "ఎందుకు పెట్టావు" అనే ప్రశ్న రేపు అడగొచ్చు. ఆ పూట అడగాల్సింది "ఎన్ని గంటలైంది, 1930కి చేశావా" అని. ఒకరిని అందరి ముందు తిడితే, ఇంకో ముగ్గురు తమ సంగతి దాచుకుంటారు.

కొన్ని సంఘాల్లో ముసలమ్మల ఫోన్లను మనవళ్లే చూసుకుంటారు. ఆ పిల్లలను కూడా ఒకరోజు మీటింగుకు పిలవండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి, ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను దించుకోకూడదని వాళ్లకు చెప్పండి. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పొద్దని ఇప్పటికే చెప్తున్నాం. ఫోన్ తెరను ఎదుటివాడికి చూపించే యాప్ వేసుకోమంటే వేసుకోవద్దని కూడా చెప్పండి.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి అని అడుగుతారు. నేను పెద్ద సలహాలు చెప్పేదాన్ని కాదు. బ్యాంకులో, పోస్టాఫీసులో పెడితే నెమ్మదిగా పెరుగుతుంది, కానీ రాత్రి నిద్ర పడుతుంది. చీటీ వేయాలంటే రిజిస్టరు అయిన దానిలో వేయండి. మన సంఘం పొదుపు ఉంది. ఒక ఆవు, నాలుగు గొర్రెలు, ఒక కుట్టుమిషను కళ్ల ముందు ఉంటాయి. నష్టం వచ్చినా ఎందుకు వచ్చిందో మనకు తెలుస్తుంది.

చివరగా, ఈ సభలో నాలుగు తీర్మానాలు చేసుకుందామని కోరుతున్నాను. ఒకటి, సంఘం అప్పు, స్త్రీనిధి అప్పు ఏ పని కోసం తీసుకుంటే ఆ పనికే వాడాలి, ఫోన్ స్కీముల్లో పెట్టకూడదు. రెండు, ఏ కొత్త స్కీము గురించి విన్నా డబ్బు పెట్టకముందే సంఘం మీటింగులో చెప్పి, ఆ నాలుగు ప్రశ్నలు వేయాలి. మూడు, లీడరు గానీ, వీఓఏ గానీ, సభ్యురాలు గానీ ఏ స్కీముకూ సంఘం పేరు చెప్పి మనుషులను చేర్పించకూడదు. మన సమావేశాల్లో అట్లాంటి ప్రచారానికి చోటు ఇవ్వకూడదు. నాలుగు, ప్రతి సంఘం మినిట్స్ పుస్తకం అట్ట లోపల 1930 నంబరు పెద్దగా రాసుకోవాలి.

మన మండలం పేరే తలుపుల. ఎవరు వచ్చి తలుపు తట్టినా మంచినీళ్లు ఇచ్చే ఊర్లు మనవి. ఆ మర్యాద పోనక్కరలేదు. వచ్చినోడు ఎవరు, ఎందుకొచ్చాడు అని అడిగి తలుపు తీయడం కూడా మన పెద్దలు నేర్పిందే. ఫోన్లో వచ్చినోడిని కూడా అట్లనే అడుగుదాం.

ఈ నాలుగు తీర్మానాలకు ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. వీఓఏలు మీ మీ సంఘాల వచ్చే మీటింగులో వీటిని చదివి, సంతకాలు తీసుకోవాలని కోరుతున్నాను.